తెరిస్తే, తెరిస్తేనే: మాటల్లోని షరతులను ఇంటిజర్ ప్రోగ్రామింగ్‌లో కన్‌స్ట్రెయింట్లుగా రాయడం

ప్లానింగ్ మీటింగ్‌లో ఎవరూ అసమీకరణాల్లో మాట్లాడరు. "విజయవాడ, గుంటూరు పక్కపక్కనే కదండీ, రెండూ ఎందుకు?" అంటారు. "ఖమ్మం తెరిస్తేనే నల్గొండ తెరుద్దాం" అంటారు. "రోజుకు 2,000 బస్తాలు దాటితే రెండో షిఫ్టు పెట్టాల్సిందే" అంటారు. మీటింగ్ అయ్యాక మనం సీట్లోకి వచ్చి కూర్చుని ఈ మాటలన్నిటినీ సాల్వర్‌కు, అంటే లెక్క తేల్చే సాఫ్ట్‌వేర్‌కు, అర్థమయ్యేలా రాయాలి. సాల్వర్‌కు తెలిసిన భాష చాలా చిన్నది. వేరియబుళ్లను ఏవో అంకెలతో గుణించి, కూడి, ఆ మొత్తం ఇంతకు మించకూడదు, ఇంతకు తగ్గకూడదు, సరిగ్గా ఇంతే ఉండాలి అని చెప్పొచ్చు. అంతకు మించి దానికేమీ రాదు. "అయితే" రాదు, "లేదా" రాదు, "తప్ప" అసలే రాదు.

లీనియర్ ప్రోగ్రామింగ్ అంటే ఏమిటో తెలిసి, ఒకటి రెండు చిన్న మోడళ్లు రాసినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మొదటి నుంచి చివరి దాకా ఒకటే ఉదాహరణ తీసుకుంటాను. పశువుల దాణా బస్తాలు పంపిణీ చేసే ఒక కంపెనీ ఉందనుకుందాం. విజయవాడ, గుంటూరు, ఖమ్మం, నల్గొండ, కర్నూలులో గోడౌన్లు తీసుకోవచ్చు. ఏవి తీసుకోవాలి, ఎక్కడి నుంచి ఏ షాపుకు ఎన్ని బస్తాలు పంపాలి అన్నది తేలాలి. అంకెలన్నీ లెక్క కోసం అనుకున్నవే.

ఈ విద్యకు వయసు తక్కువేమీ కాదు. జార్జ్ డాంట్జిగ్ సింప్లెక్స్ పద్ధతిని 1947లో తయారుచేశాడు. కానీ దానికి 0.4 గోడౌన్ తెరవమని చెప్పడానికి ఏ మొహమాటమూ లేదు. 1960లో ఎకనామెట్రికా పత్రికలోనే రెండు వ్యాసాలు వచ్చాయి. ఒకదాంట్లో డాంట్జిగ్, కొన్ని వేరియబుళ్లు పూర్ణాంకాలే కావాలని పట్టుబడితే "ఇదో అదో" లాంటి షరతులను కూడా లీనియర్ భాషలో చెప్పొచ్చని చూపించాడు. రెండోదాంట్లో ఐల్సా లాండ్, అలిసన్ డోయిగ్ అనే ఇద్దరు అలాంటి లెక్కలను కొమ్మలు కొమ్మలుగా విడదీసి తేల్చే పద్ధతి ఇచ్చారు. ఇప్పటి సాల్వర్ల కడుపులో ఉన్నది ముఖ్యంగా అదే, బ్రాంచ్ అండ్ బౌండ్. 1972లో రిచర్డ్ కార్ప్ కష్టమైనవని తేల్చిన 21 సమస్యల పట్టికలో 0-1 ఇంటిజర్ ప్రోగ్రామింగ్ కూడా ఉంది. కాబట్టి షరతు సరిగ్గా రాస్తే సరిపోదు. ఒకే షరతును రెండు రకాలుగా రాస్తే, ఒకటి టీ తాగి వచ్చేలోపు తేలిపోవచ్చు, ఇంకోటి రాత్రంతా నడవచ్చు.

ముందు ప్రతి నిర్ణయానికీ ఒక వాక్యం రాసుకోండి

అవును-కాదు అనే ప్రతి నిర్ణయానికీ 0 గానీ 1 గానీ తీసుకునే ఒక బైనరీ వేరియబుల్ పెడతాం. ఇక్కడ జరిగే మొదటి తప్పు పేరు పెట్టడంలోనే ఉంటుంది. "గుంటూరు" అని పేరు పెడితే అది దేన్ని చెబుతోంది? గోడౌన్ తీసుకున్నామనా, ఈ నెల తెరిచి ఉందనా, అక్కడి నుంచి సరుకు వెళ్లిందనా? మూడూ వేర్వేరు వాక్యాలు, మూడూ వేర్వేరు వేరియబుళ్లు. అందుకే వేరియబుల్ పక్కన ఒక పూర్తి వాక్యం రాసుకోవడం నాకు అలవాటు. ఆ వాక్యం నిజమైతే 1, అబద్ధమైతే 0.

వి = 1 అంటే: ఈ నెల విజయవాడ గోడౌన్ తెరిచి ఉంది.
గు = 1 అంటే: ఈ నెల గుంటూరు గోడౌన్ తెరిచి ఉంది.

అలాగే ఖమ్మానికి ఖ, నల్గొండకు న, కర్నూలుకు క. "తెరిచి లేదు" అనడానికి ఇంకో వేరియబుల్ అక్కర్లేదు, 1 − వి అంటే అదే.

మాట నుంచి అసమీకరణానికి

తెలుగులో ఒక్క "నే" చేరితే షరతు తలకిందులైపోతుంది. మోడళ్లలో నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడివే.

"ఖమ్మం తెరిస్తే నల్గొండ తెరవాలి." ఖ 1 అయితే న కూడా 1 కావాలి. ఖ 0 అయితే న ఏమైనా కావచ్చు.

ఖ ≤ న

"ఖమ్మం తెరిస్తేనే నల్గొండ తెరవాలి." ఇప్పుడు మాట నల్గొండ గురించి. నల్గొండ తెరిచి ఉందంటే ఖమ్మం తెరిచి ఉండి తీరాలి. ఖమ్మం తెరిచినంత మాత్రాన నల్గొండ తెరవాలని లేదు.

న ≤ ఖ

"ఖమ్మం తెరిస్తే తప్ప నల్గొండ తెరవొద్దు" అన్నా ఇదే, న ≤ ఖ. "ఖమ్మం తెరిచినా నల్గొండ తెరవొచ్చు" అంటే కన్‌స్ట్రెయింట్ ఏమీ లేదు, ఊరికే అభయం ఇచ్చారంతే. "ఖమ్మం తెరిస్తే నల్గొండ అక్కర్లేదు" అన్నారనుకోండి, ఆగి అడగాలి. తెరవకూడదనా, తెరవకపోయినా ఫర్వాలేదనా? మొదటిదైతే ఖ + న ≤ 1. రెండోదైతే ఏమీ రాయనక్కర్లేదు.

ఖ ≤ న అని రాశాక దాన్ని వెనక నుంచి కూడా చదవండి: న 0 అయితే ఖ కూడా 0. అంటే "నల్గొండ తెరవకపోతే ఖమ్మం తెరవొద్దు". ఈ రెండు వాక్యాలూ ఒకటే షరతు. షరతు చెప్పినాయన దగ్గరికి వెళ్లి ఈ వెనక వాక్యం చదివి వినిపించండి. "అబ్బే, నేనలా అనలేదే" అంటే దిశ తప్పు రాసినట్టు. నాకు తెలిసినంతలో ఇంతకంటే చవకైన పరీక్ష లేదు.

"ఏదో ఒకటి" అన్న మాట ఇంకా ప్రమాదం. "విజయవాడ, గుంటూరులో ఏదో ఒకటి ఉండాలి" అంటే:

కనీసం ఒకటి: వి + గు ≥ 1
ఒకటికి మించొద్దు: వి + గు ≤ 1
కచ్చితంగా ఒకటే: వి + గు = 1

మూడింటికీ మనం వాడేది అదే మాట. "రెండూ వద్దు" కూడా అంతే. రెండూ కలిపి వద్దనా (వి + గు ≤ 1), ఏ ఒక్కటీ వద్దనా (వి + గు = 0)? మనిషికైతే గొంతును బట్టి అర్థమైపోతుంది. సాల్వర్ గొంతు వినదు.

మూడో గోడౌన్ కూడా మాటల్లోకి వస్తే ఇలా ఉంటుంది.

"కర్నూలు తెరిస్తే ఖమ్మం, నల్గొండల్లో కనీసం ఒకటి ఉండాలి": క ≤ ఖ + న

"ఖమ్మం, నల్గొండ రెండూ తెరిస్తే కర్నూలు కూడా తెరవాలి": ఖ + న − 1 ≤ క. రెండూ 1 అయితే ఎడమ పక్క 1 అవుతుంది, క తప్పించుకోలేదు. ఒక్కటే 1 అయితే ఎడమ పక్క 0, క ఇష్టం.

"ఖమ్మం తెరిచినా, నల్గొండ తెరిచినా కర్నూలు ఉండాల్సిందే": ఖ ≤ క, న ≤ క. రెండు లైన్లు.

"కర్నూలు తెరిస్తే ఖమ్మం, నల్గొండ రెండూ ఉండాలి": క ≤ ఖ, క ≤ న.

ఈ చివరిదాన్ని కొందరు ఒక్క లైన్లో 2క ≤ ఖ + న అని రాసి లైను మిగిలిందని సంతోషిస్తారు. 0, 1 విలువలకు రెండూ ఒకటే, తప్పేమీ లేదు. కానీ సాల్వర్ మొదట పూర్ణాంకాల సంగతి పక్కన పెట్టి, భిన్నాలను ఒప్పుకునే సడలింపు లెక్క చేస్తుంది. అక్కడ క = 0.5, ఖ = 1, న = 0 అన్న అర్థంలేని జవాబు ఒక్క లైన్ కన్‌స్ట్రెయింట్‌లోంచి దూరిపోతుంది. రెండు లైన్లు రాస్తే క ≤ న దగ్గరే ఆగిపోతుంది. ఇలా దూరిపోయిన ప్రతి జవాబునూ తర్వాత కొమ్మలు వేసి చంపాలి. లైన్లు పెరిగితే మోడల్ నెమ్మదిస్తుందన్న భయం ఇలాంటి చోట పెట్టుకోవద్దు.

లెక్కపెట్టే షరతులూ ఇదే దారి. "నాలుగు, ఆపైన గోడౌన్లు తెరిస్తే ఇంకో సూపర్‌వైజర్ కావాలి" అంటే, సూపర్‌వైజర్‌ను పెట్టుకున్నాం అన్న వాక్యానికి సూ అని పేరు పెట్టి:

వి + గు + ఖ + న + క ≤ 3 + 2 × సూ

సూ 0 అయితే మూడుకు మించడానికి లేదు. 1 అయితే అయిదూ తెరుచుకోవచ్చు. ఆ 2 ఎక్కడిది? అయిదులోంచి మూడు పోతే రెండు. అక్కడ 100 వేసినా షరతు పనిచేస్తుంది, కానీ వెయ్యకండి. ఎందుకో ముందు ముందు చెబుతాను.

మాట చిక్కుపడితే సత్య పట్టిక వెయ్యండి

పాత సిలబస్‌లో పదో తరగతి చదివినవాళ్లకు "ప్రవచనాలు–సమితులు" పాఠం గుర్తుండే ఉంటుంది. పరీక్షకు తప్ప ఎందుకూ పనికిరాదనుకున్న ఆ సత్య పట్టిక ఇక్కడ పనికొస్తుంది. షరతు ఎంత మెలికలు తిరిగినా ఒకటే పద్ధతి: అన్ని కలయికలూ రాసి, జరగకూడని వరసలు పట్టుకుని, ఒక్కో వరసకు ఒక్కో కన్‌స్ట్రెయింట్ రాయడం.

"విజయవాడ తెరిచి గుంటూరు తెరవకపోతే, కర్నూలు తెరిచి తీరాలి." ఎనిమిది వరసల్లో జరగకూడనిది ఒక్కటే: వి = 1, గు = 0, క = 0. ఆ వరసలో 1 ఉన్నచోట వేరియబుల్‌ను, 0 ఉన్నచోట 1 లోంచి తీసేసిన వేరియబుల్‌ను రాసి, మూడూ ఒకేసారి కుదరకూడదంటాం:

వి + (1 − గు) + (1 − క) ≤ 2

సర్దితే వి ≤ గు + క వస్తుంది. దీన్ని తిరిగి చదివితే "విజయవాడ తెరిస్తే గుంటూరు గానీ కర్నూలు గానీ ఉండాలి". షరతు చెప్పినాయన ఇంత తేలిగ్గా చెప్పి ఉండొచ్చు, చెప్పలేదు.

చెడు వరసలు రెండు ఉండి, ఒక్క వేరియబుల్ దగ్గర మాత్రమే తేడా ఉంటే, ఆ వేరియబుల్‌ను వదిలేసి రెండింటికీ కలిపి ఒకే లైన్ రాయొచ్చు. ఇలా కలిపిన లైన్ చిన్నదే కాదు, బిగువుగా కూడా ఉంటుంది, అంటే సడలింపు లెక్కలో అర్థంలేని భిన్నాలను తక్కువగా దూరనిస్తుంది.

షరతుకే ఒక వేరియబుల్ కావాల్సి వచ్చినప్పుడు

విజయవాడ, గుంటూరు రెండూ తెరిస్తే ఒకే లారీ రెండింటినీ చుట్టేస్తుంది, నెలకు రూ. 20,000 మిగులుతుంది. ఈ మిగులు ఆబ్జెక్టివ్‌లోకి రావాలంటే "రెండూ తెరిచి ఉన్నాయి" అన్న వాక్యానికి ఒక వేరియబుల్ కావాలి, జ అందాం. వి × గు అని గుణించడానికి లేదు, అది లీనియర్ కాదు. మూడు లైన్లు:

జ ≤ వి
జ ≤ గు
జ ≥ వి + గు − 1

మొదటి రెండూ జ దొంగతనంగా 1 కాకుండా ఆపుతాయి. మూడోది జ దొంగతనంగా 0 కాకుండా ఆపుతుంది. జ వల్ల డబ్బు మిగులుతుంది కాబట్టి సాల్వర్ దాన్ని 1 చెయ్యాలనే చూస్తుంది. అప్పుడు మూడో లైన్ లేకపోయినా నడుస్తుంది. అదే రెండూ తెరిస్తే జరిమానా ఉంటే, సాల్వర్ జ ను 0 చెయ్యాలని చూస్తుంది. అప్పుడు మూడో లైనే ప్రాణం.

సగం లైన్లు ఎగ్గొట్టడం చూడటానికి తెలివైన పనే. ఆరు నెలల తర్వాత ఇంకెవరో వచ్చి అదే జ ను ఇంకో కన్‌స్ట్రెయింట్‌లో వాడతారు, లేదా మిగులు కాస్తా ఖర్చుగా మారుతుంది. అప్పుడు జవాబు నిశ్శబ్దంగా తప్పిపోతుంది, ఏ ఎర్రర్ రాదు. అందుకే మూడూ రాసేయడమే నా పద్ధతి.

"కనీసం ఒకటి తెరిచి ఉంది" అన్న వాక్యానికి ఒ అని పేరు పెడితే: ఒ ≥ వి, ఒ ≥ గు, ఒ ≤ వి + గు. "రెండింటిలో ఒక్కటే తెరిచి ఉంది" అన్నదానికి త అని పెడితే సత్య పట్టికలో నాలుగు చెడు వరసలు, కాబట్టి నాలుగు లైన్లు: త ≤ వి + గు, త ≤ 2 − వి − గు, త ≥ వి − గు, త ≥ గు − వి.

సరుకుకూ తాళానికీ ముడి వెయ్యడం

ఇప్పటిదాకా అన్నీ అవును-కాదులే. అసలు పని బస్తాలతో. ఖమ్మం గోడౌన్ నుంచి ఒక షాపుకు నెలలో వెళ్లే బస్తాలు ల అనుకుందాం. "ఖమ్మం తెరిస్తేనే అక్కడి నుంచి సరుకు":

ల ≤ మ × ఖ

ఖ 0 అయితే ల కూడా 0. ఖ 1 అయితే ల ఎంతైనా కావచ్చు, మ వరకు. ఈ మ ను అందరూ బిగ్-ఎమ్ అంటారు. ఆ "బిగ్" అన్న మాటే చాలామందిని చెడగొట్టింది. పెద్దది కావాలంటున్నారు కదా అని 10,00,000 పెట్టేస్తారు.

ఏమవుతుందో లెక్క వేద్దాం. ఖమ్మం గోడౌన్ నెలకు 8,000 బస్తాలు తిప్పగలదు, అద్దె రూ. 60,000. ఈ షాపుకు కావాల్సింది 300 బస్తాలు. సడలింపు లెక్కలో సాల్వర్ ఖ ను ఎంత తక్కువ పెడితే అంత అద్దె మిగులుతుందని చూస్తుంది.

మ = 10,00,000 అయితే ఖ = 0.0003 చాలు. అద్దె పద్దెనిమిది రూపాయలు.
మ = 8,000 అయితే ఖ = 0.0375. అద్దె రూ. 2,250.
మ = 300 అయితే ఖ = 1. అద్దె పూర్తిగా రూ. 60,000.

మొదటి దాంట్లో సాల్వర్‌కు గోడౌన్లన్నీ దాదాపు ఉచితం. ఏది తెరవాలో ఏది మూయాలో దానికి ఏ సూచనా అందదు, గుడ్డిగా కొమ్మలు వేసుకుంటూ పోవాలి. మూడో దాంట్లో మొదటి అడుగులోనే నిజమైన ఖర్చు కనబడుతుంది. అందుకే ప్రతి షాపుకూ విడివిడిగా "ఆ షాపు అవసరం × ఖ" అని రాయాలి. దాంతోపాటు గోడౌన్ మొత్తానికి ఒక లైన్: అన్ని షాపుల లోడు కలిపి ≤ 8,000 × ఖ.

నెమ్మదితనం ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు. నేను కొత్తలో, ఒక కంపెనీకి ఇలాంటి మోడల్ రాసినప్పుడు మ అంటే పది లక్షలే పెట్టాను. జవాబు చక్కగా వచ్చింది, ఒక గోడౌన్ మూసెయ్యమంది, మూసేశారు. నెల మొదట్లో అక్కడి ఇన్‌ఛార్జి ఫోన్. "సార్, తాళం మీరే వెయ్యమన్నారు. మళ్లీ ఇక్కడి నుంచి 9 బస్తాలు లోడ్ చెయ్యమని షీట్ వచ్చింది. ఏ గోడౌన్లోంచి తియ్యమంటారు?" కోడ్ అంతా వెతికాను. కన్‌స్ట్రెయింట్ ఉంది, సరిగ్గానే ఉంది. చివరికి ఆ వేరియబుల్ విలువ అన్ని దశాంశాలతో చూస్తే 0.000009.

సాల్వర్లకు 0 అంటే సరిగ్గా 0 కాదు. గురోబీ, సీప్లెక్స్ లాంటివి మామూలుగా 0.00001 లోపు తేడా ఉంటే పూర్ణాంకం కిందే లెక్కగడతాయి. 0.000009 దాని దృష్టిలో సున్నా. కానీ దాన్ని పది లక్షలతో గుణిస్తే తొమ్మిది బస్తాలు. అద్దె కట్టకుండా తొమ్మిది బస్తాలు పంపే సందు దొరికితే సాల్వర్ ఎందుకు వదులుతుంది? మ 300 అయి ఉంటే ఆ సందులోంచి బస్తాలో వందో వంతు కూడా వెళ్లేది కాదు.

మ కు విలువ ఊహించకూడదు, లెక్క వెయ్యాలి. పద్ధతి ఇది. "క 1 అయితే ఈ మొత్తం ఇంతకు మించొద్దు" అన్న ప్రతి షరతునూ

మొత్తం ≤ హద్దు + మ × (1 − క)

అని రాస్తాం. క 0 అయినప్పుడు ఈ లైన్ ఎవరికీ అడ్డు రాకూడదు, అంతే మ పని. కాబట్టి ఆ మొత్తం అసలు ఎంత వరకు పోగలదో చూసి, దాంట్లోంచి హద్దు తీసేస్తే అదే మ. "కర్నూలు తెరిస్తే గుంటూరు నుంచి 3,000 బస్తాలకు మించొద్దు" అనుకోండి. గుంటూరు ఎంత తిప్పినా 8,000. కాబట్టి:

గుంటూరు లోడు ≤ 3,000 + 5,000 × (1 − క)

మ ఎంతో చెప్పలేకపోతున్నారంటే, ఆ వేరియబుల్‌కు పై హద్దు ఎంతో మీకు తెలియదన్నమాట. ముందు అది కనుక్కోండి. గోడౌన్ కెపాసిటీ, లారీల సంఖ్య, షాపుల అవసరం, వీటిలో ఏదో ఒకటి హద్దు చెప్పకపోదు.

కింది హద్దు కూడా ఇలాగే. "తెరిస్తే కనీసం 500 బస్తాలైనా వెళ్లాలి, లేకపోతే తెరవొద్దు":

500 × ఖ ≤ ఖమ్మం లోడు ≤ 8,000 × ఖ

అంటే లోడు సున్నా అయినా కావాలి, 500 నుంచి 8,000 మధ్య అయినా ఉండాలి. ఎడమ పక్క లేకపోతే ఖాళీ గోడౌన్ తెరిచి కూర్చోవడానికి అడ్డేమీ లేదు. అద్దె ఉంది కదా, ఎందుకు తెరుస్తుందంటారా? ఖమ్మంలో గోడౌన్ ఉన్నవాళ్లకు సప్లయర్ రూ. 75,000 రాయితీ ఇస్తానన్నాడని మోడల్‌లో కలిపి చూడండి. ఒక్క బస్తా కూడా పెట్టకుండా తెరిచి రాయితీ జేబులో వేసుకుంటుంది.

గురోబీ, సీప్లెక్స్, స్కిప్ లాంటివాటిలో "ఈ బైనరీ 1 అయితే ఈ కన్‌స్ట్రెయింట్ వర్తించాలి" అని నేరుగా రాసే ఇండికేటర్ సౌకర్యం ఉంది, మ ఇవ్వక్కర్లేదు. హద్దు నిజంగానే తెలియనప్పుడు అదే వాడండి. హద్దు తెలిసి, అది చిన్నదైతే మాత్రం చేత్తో రాసిన బిగువైన మ చాలాసార్లు దాన్ని మించుతుంది.

దాటితే, దాటితేనే

మళ్లీ అదే "నే". రోజు లోడు 3,500 బస్తాలకు మించదనుకుందాం. రెండో షిఫ్టు నడిచింది అన్న వాక్యానికి షి.

"2,000 దాటితే రెండో షిఫ్టు పెట్టాలి." దీన్ని వెనక నుంచి చదివితే పని తేలిక: రెండో షిఫ్టు లేకపోతే 2,000 దాటొద్దు.

లోడు ≤ 2,000 + 1,500 × షి

"2,000 దాటితేనే రెండో షిఫ్టు పెట్టాలి", అంటే ఊరికే పెట్టొద్దు:

లోడు ≥ 2,001 × షి

రెండూ రాస్తే రెండు వైపులా బిగిసినట్టు. ఇక్కడ 2,001 ఎందుకంటే "దాటడం" అన్నది సాల్వర్‌కు తెలియదు. దానికి ≥ తెలుసు, > తెలియదు. బస్తాలు పూర్ణాంకాలు కాబట్టి 2,000 దాటడమంటే 2,001 చేరడమే. అదే లోడు టన్నుల్లో ఉండి ఉంటే ఎంత దాటితే దాటినట్టో మనమే తేల్చాలి. వేబ్రిడ్జి పది కిలోల తేడానే చూపించగలిగితే 0.01 టన్ను తీసుకోండి. 0.0000001 లాంటి అంకె మాత్రం వద్దు. సాల్వర్ తన సొంత తేడాల కింద దాన్ని మింగేస్తుంది.

ఇదైనా ముందు, అదైనా ముందు

లోడింగ్ డాక్ ఒకటే, లారీలు రెండు. మొదటిదానికి 90 నిమిషాలు, రెండోదానికి 60. షిఫ్టు 600 నిమిషాలు. ఏది ముందైనా ఫర్వాలేదు, రెండూ ఒకేసారి డాక్ మీద ఉండకూడదు. అవి మొదలయ్యే సమయాలు స1, స2. "మొదటి లారీ ముందు" అన్న వాక్యానికి ము.

స1 + 90 ≤ స2 + 600 × (1 − ము)
స2 + 60 ≤ స1 + 600 × ము

ము 1 అయితే మొదటి లైన్ బిగుస్తుంది, రెండోది వదులవుతుంది. 0 అయితే తారుమారు. 600 సరిపోతుందా? మొదటి లారీ ఎంత ఆలస్యమైనా 600 లోపు ముగుస్తుంది, రెండోది 0 కంటే ముందు మొదలవదు, కాబట్టి తేడా 600 దాటదు. రెండో లారీ 240వ నిమిషానికి గానీ రాదని తెలిస్తే మొదటి లైన్లో మ ను 360కి దించొచ్చు.

ఇలా ప్రతి జతకూ ఒక బైనరీ కావాలి. లారీలు 12 అయితే జతలు 66. వరసలు తేల్చే లెక్కల్లో బిగ్-ఎమ్ ఎంత బిగించినా సడలింపు వదులుగానే ఉంటుంది. అలాంటివి ముప్పై నలభై పనులకు చేరితే పంతానికి పోకుండా గూగుల్ ఓఆర్-టూల్స్‌లోని సీపీ-శాట్ అనే వేరే రకం సాల్వర్ లాంటిదానికి మారిపోవడం మంచిది. ఒకదాని మీద ఒకటి పడకూడదన్న షరతును అది నేరుగా తీసుకుంటుంది.

స్లాబులు

రేటు పెరుగుతూ పోయే స్లాబులకు, అంటే మొదటి కొన్ని యూనిట్లకు ఒక రేటు, ఆపై యూనిట్లకు మాత్రమే ఎక్కువ రేటు పడే కరెంటు బిల్లు లాంటివాటికి, ఖర్చు తగ్గించే మోడల్‌లో బైనరీలే అక్కర్లేదు. చవక స్లాబు నిండాకే సాల్వర్ ఖరీదైనదానికి వెళ్తుంది. డిస్కౌంటు తిరగేసిన కథ. లారీ ఆఫీసువాడు బస్తాకు రూ. 40 అని, 1,000 బస్తాలు చేరితే మొత్తం సరుకుకీ రూ. 34 చొప్పున అంటే, లోడును రెండు ముక్కలు (రూ. 40 రేటుకు బ1, రూ. 34 రేటుకు బ2) చేసి ఒక్కో రేటుకు ఒక్కో బైనరీ (ర1, ర2) పెట్టాలి:

బ1 ≤ 999 × ర1
1,000 × ర2 ≤ బ2 ≤ 8,000 × ర2
ర1 + ర2 ≤ 1
లోడు = బ1 + బ2, కిరాయి = 40 × బ1 + 34 × బ2

900 బస్తాలకు కిరాయి రూ. 36,000. వెయ్యి బస్తాలకు రూ. 34,000. అక్కర్లేని వంద బస్తాలు కూడా ఎక్కించమని మోడల్ చెబితే కంగారుపడకండి, లెక్క సరైనదే. దించుకోవడానికి షాపులో చోటుందా అన్న కన్‌స్ట్రెయింట్ మీరు రాశారా లేదా అన్నదే ప్రశ్న.

నమ్మే ముందు

ప్రతి షరతుకూ దానికి సంబంధించిన బైనరీలను చేత్తో 0, 1 పెట్టి, లైన్‌లో ఏం మిగులుతుందో కాగితం మీద చదవండి. మూడు బైనరీలంటే ఎనిమిది సార్లు, అయిదు నిమిషాల పని. తర్వాత షరతును తప్పే ప్లాన్ ఒకటి కావాలని తయారుచేసి, ఆ విలువలు బిగించి మోడల్ నడపండి. సాధ్యం కాదని రావాలి. హాయిగా జవాబు వచ్చిందంటే షరతు మోడల్‌లో లేదన్నమాట. అలాగే షరతుకు లోబడే ప్లాన్ బిగిస్తే సాధ్యం కాదని వచ్చిందంటే, ఎక్కడో అవసరానికి మించి బిగించారు. ఎక్కువసార్లు అది చిన్నదైపోయిన మ గానీ, "తే" అన్నచోట రాసేసిన "తేనే" గానీ అయి ఉంటుంది. ఏ లైన్లు ఒకదానితో ఒకటి కొట్టుకుంటున్నాయో చూపించే సౌకర్యం గురోబీ, సీప్లెక్స్‌లలో ఉంది, వాడుకోండి.

చివరి జవాబు వచ్చాక కూడా ఒక పని ఉంటుంది. బైనరీలన్నిటినీ దగ్గర్లోని 0కో 1కో సర్ది, అలాగే బిగించేసి, మిగిలిన బస్తాల లెక్కను మళ్లీ ఒకసారి నడపాలి. ఇప్పుడది మామూలు లీనియర్ ప్రోగ్రామ్, సెకన్లలో అయిపోతుంది. ఖర్చు ముందు వచ్చినంతే వస్తే షీట్ గోడౌన్లకు పంపెయ్యొచ్చు. ఖర్చు మారినా, సాధ్యం కాదన్నా, మూసిన గోడౌన్లోంచి ఎక్కడో తొమ్మిది బస్తాలు వెళ్తున్నాయి. ఫోన్ రాకముందే మ ల వరస దగ్గరికి వెళ్లండి.